మస్తాన్‌వలీ గారి మెయిల్ ఎవరు చదవాలి

నర్సరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యాను. ఆర్డరు కాగితంలో నా హోదా సిస్టం అడ్మినిస్ట్రేటర్. కాలేజీలో మాత్రం అందరికీ మెయిల్ మేడాన్ని. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నేనే, ప్రొజెక్టరు వెలగకపోయినా నేనే. ఒకసారి ప్రిన్సిపాలు గారి గదిలో ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే దానికీ నన్నే పిలిచారు. "కరెంటుతో నడిచేదేగా మేడం" అన్నాడు అటెండరు. వెళ్లి కింద బకెట్ పెట్టొచ్చాను.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి, "ఏ కోర్సు చేయమంటారు మేడం?" అని అడుగుతుంటారు. కోర్సుల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. మెయిల్ పెట్టడమంటే సర్వరు పేరు, పోర్టు నంబరు, పాస్‌వర్డు తప్పుల్లేకుండా కొట్టడమే అనుకుని నేనూ ఈ పనిలోకి వచ్చాను. అది సగం కూడా కాదు. మిగతాది ఏమిటో నాకు నేర్పిన మనుషుల గురించి రాస్తాను. ప్రమోషన్లు నాకు రాలేదు కాబట్టి వాటి గురించి రాసే బాధ నాకూ లేదు, చదివే బాధ మీకూ లేదు.

నల్ల తెర

మా కాలేజీలో కంప్యూటర్లు పాతవి, నెట్ అంతంతమాత్రం. మెయిల్ పేజీ ఒకటి తెరుచుకునేలోపు కాంటీన్‌కి వెళ్లి టీ తాగి రావచ్చు. ఆ రోజుల్లో నాకు నల్ల తెర మీద నడిచే మెయిల్ ప్రోగ్రాము దొరికింది. మౌస్ లేదు, బొమ్మలు లేవు, ప్రకటనలు లేవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. కిందికి పోవాలంటే ఒక అక్షరం, జవాబు రాయాలంటే ఇంకో అక్షరం.

దాన్ని మనకి కావలసినట్టు అమర్చుకోవడానికి బటన్లేమీ ఉండవు. ఒక మామూలు ఫైల్లో వరసగా రాసుకోవాలి. మెయిల్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, ఏ దారిన పంపాలి, పంపినవాడి పేరు ఏమని పడాలి, కింద సంతకం ఏముండాలి. ఒక అక్షరం తప్పితే అది కదలదు. ఎందుకు కదల్లేదో మాత్రం చెబుతుంది. నాకు అదే నచ్చింది. చిన్నప్పుడు మాచర్లలో మా నాన్న రేడియో వెనక మూత తీసి, తిరిగి పెట్టడం చేతకాక తన్నులు తిన్నదాన్ని నేను. మూత లేకుండానే వచ్చిన వస్తువు దొరికితే వదులుతానా?

"ఏంది మేడం, ఇంకా డాసు కాలంలోనే ఉన్నారు?" అని కుర్ర లెక్చరర్లు ఎగతాళి చేసేవాళ్లు. వాళ్ల పేజీ తెరుచుకునేదాకా వాళ్లకి ఎటూ పనిలేదు, నన్ను వేళాకోళం చేయడానికి తీరిక దొరికేది.

నామినేషనుకి ఆన్‌డ్యూటీ

అప్పట్లో మా ప్రిన్సిపాలు గారికి నా నల్ల తెర చూసి ముచ్చటేసింది. కాలేజీ మెయిలూ ఇంటి మెయిలూ రెండూ ఒకచోటే కనపడాలన్నారు. పెట్టిచ్చాను. ఒక మీట నొక్కితే కాలేజీ పెట్టె, ఇంకో మీట నొక్కితే ఇంటి పెట్టె. రెండు పెట్టెలకీ 'అందరికీ' అని ఒక చిరునామా గుంపు కూడా పెట్టించుకున్నారు. కాలేజీ పెట్టెలో 'అందరికీ' అంటే స్టాఫు. ఇంటి పెట్టెలో 'అందరికీ' అంటే చుట్టాలు.

బెల్లంకొండ దగ్గర ఊళ్లో ఆయన బావమరిది సర్పంచి పదవికి నామినేషన్ వేస్తున్నాడు. ప్రిన్సిపాలు గారు ఇంటి పెట్టెలోకి వెళ్లి, "రేపు పొద్దున్నే నామినేషనుకి అందరూ తప్పకుండా రావాలి, ఆలస్యం చేయవద్దు" అని రాసి, 'అందరికీ' పంపారు. ఈ ప్రోగ్రాము గుణమేమిటంటే, ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెలోకి వెళ్లినంత మాత్రాన పాత పెట్టెలో పెట్టిన అమరికలు వాటంతట అవి పోవు. పొమ్మని మనం విడిగా ఒక వరస రాయాలి. ఆ వరస ఫైల్లో లేదు. కాలేజీ అమరికే అంటిపెట్టుకుని ఉంది.

మర్నాడు స్టాఫంతా కాలేజీ బస్సు కట్టించుకుని నామినేషనుకి వెళ్లారు! కాలేజీ చిరునామా నుంచి వచ్చింది, ఆలస్యం చేయవద్దని ఉంది, ఇంక అది ఆర్డరు కాకపోతే ఏమిటి? పల్నాడులో ఎలక్షన్ పిలుపుకీ ఆఫీసు పిలుపుకీ పెద్ద తేడా ఎవరికీ కనపడదు. పైగా తిరిగొచ్చాక అందరూ ఆన్‌డ్యూటీ ఇమ్మని అర్జీలు పెట్టారు.

నేను భయపడుతూ ప్రిన్సిపాలు గారి గదిలోకి వెళ్లాను. ఆయన నవ్వుతున్నారు. "ఇచ్చేద్దాం లేమ్మా ఆన్‌డ్యూటీ. మావోడి నామినేషనుకి చానా మంది వచ్చారని మండలమంతా చెప్పుకుంటన్నారు" అన్నారు. ఆ రోజే కూర్చుని ఆ వరస రాశాను. ఏ పెట్టెలోకి వెళ్లినా ముందు అన్నీ తుడిచి, ఆ తర్వాత ఆ పెట్టెవి పెట్టుకోవాలి. మీరూ అమర్చేటప్పుడు మొట్టమొదట రాయవలసింది అదే.

ఏడుకొండలు చదివిన మెయిల్

మస్తాన్‌వలీ గారు మా కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. పరీక్షల ఇన్‌ఛార్జి కూడా ఆయనే. చూపు ముందు రేచీకటితో మొదలైంది. తర్వాత పగలు కూడా గోడల అంచులు కనపడటం మానేశాయి. పాఠానికి ఆయనకి పుస్తకంతో పనిలేదు, కాబట్టి క్లాసులు ఆగలేదు. మెయిల్ మాత్రం అటెండరు ఏడుకొండలు చదివిపెట్టేవాడు.

ఏడుకొండలు మంచివాడు. సారంటే ప్రాణం. కానీ వాడికి గొంతు తగ్గించడం తెలియదు. స్టాఫ్ రూంలో నిలబడి, సబ్జెక్టుతో మొదలుపెట్టి చివరి సంతకం దాకా గట్టిగా చదివేవాడు. మధ్యలో "ఈళ్లకి బుద్ధుండక్కర్లా సారూ" అని వ్యాఖ్యానం కూడా. వలీ గారి ఇంట్లో గ్యాసు ఎప్పుడు అయిపోయిందో, వాళ్ల అమ్మాయి షబానాకి ఏ పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో స్టాఫ్ రూం అందరికీ తెలుసు.

ఒకరోజు గుంటూరులో కంటి డాక్టరు దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. ఏడుకొండలు ఎప్పటిలాగే అందరి మధ్యా మొదలుపెట్టాడు. కంటి పరీక్షల ఫలితాలు, ఏవేవో జబ్బుల పేర్లు, తర్వాత "చూపు తిరిగి వచ్చే అవకాశం లేదు" అన్న వాక్యం. ఆ వాక్యం నోట్లోంచి వచ్చేదాకా అందులో అదుందని వాడికీ తెలియదు. సగంలో ఆగిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది, బయటికి వచ్చేశాను.

వలీ గారు సాయంత్రం గోడ పట్టుకుంటూ నా గదికి వచ్చారు. "మేడం, చూపు పోయిందనే సంగతి నాకు ముందే తెలుసు. కానీ ఆ మాట నాకంటే ముందు స్టాఫ్ రూం వింది. నా మెయిల్ నేనే చదువుకునే దారేమన్నా ఉందా?" అన్నారు.

ఆయన అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. కాలేజీ నడిపే కరస్పాండెంటు గారు వ్యవసాయం నుంచి వచ్చిన మనిషి, మాట ముక్కుసూటి. "ప్రశ్నపత్రం మెయిల్లో వస్తది. అది ఇంకోడు చదివి చెబితే రేపు నా కాలేజీ పేరు పేపర్లో పడిద్ది. ఆయన మెయిల్ ఆయనే చూసుకోగలిగితే ఉంచుదాం. లేకపోతే ఇన్‌ఛార్జీ తీసేద్దాం. ఆ తర్వాత ఉద్యోగం సంగతి కూడా చూడాలి" అన్నారట. ఆయన అన్నది తప్పని నేను ఇప్పటికీ అనను. అందుకే నాకు మరీ కంగారైంది.

చెవి కోసం అమర్చడం

ఫోను మాట్లాడుతుంది కదా, అది చాలదా అని మీరు అడుగుతారు. పరీక్షల గదిలోకి ఫోను రానివ్వరు. అక్కడున్నది ఒక ముసలి కంప్యూటరు. దాంట్లో మామూలు మెయిల్ పేజీ తెరిచి, తెర చదివే గొంతు పెడితే, బటన్ల పేర్లు, ప్రకటనలు, మెనూలు అన్నీ చదివి చదివి అసలు మెయిల్ దగ్గరికి వచ్చేసరికి మనిషికి విసుగొస్తుంది. నా నల్ల తెరలో అక్షరాలు తప్ప ఇంకేమీ లేవు. గొంతుకి అంతకంటే ఏం కావాలి?

మూడు పెట్టెలు పెట్టాను. కాలేజీది, యూనివర్సిటీ పరీక్షలది, ఆయన సొంతది. సొంత మెయిల్‌కి మామూలు పాస్‌వర్డు ఒప్పుకోదు. ఇలాంటి ప్రోగ్రాముల కోసం విడిగా ఒక పాస్‌వర్డు పుట్టించి ఇవ్వాలి. మూడు పాస్‌వర్డులనీ తాళం వేసిన ఒక ఫైల్లో పెట్టి, ఆ తాళానికి ఒక మాట ఆయన్నే ఎంచుకోమన్నాను. ఆయన కొడుతుంటే నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అన్నీ కుదిరాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నారు. ఒక నిమిషం విని తీసేసి, "మేడం, ఇది ముందు ఒకటి అంటది, తర్వాత ఎన్ అంటది, తర్వాత తారీకు, తర్వాత ఎన్ని కేబీలో చెబుతది. ఎవరు రాశారో చెప్పేసరికి నేను ముసలోణ్ణి అయిపోతా" అన్నారు.

నేను తెరవైపు చూశాను. వరస నంబరు, కొత్త మెయిల్ అని చెప్పే ఎన్ అక్షరం, తారీకు, సైజు, అవన్నీ ప్రతి వరసలోనూ ఉన్నాయి. ఇన్నేళ్లుగా నా ఎదురుగానే ఉన్నా ఒక్కసారి కూడా చదవలేదు. కన్ను దాటేసి పోతుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. నాకు భలే సరదా వేసింది, ఆ వరస విప్పి మళ్లీ పేర్చాను. ముందు మనిషి పేరు, తర్వాత విషయం, ఇంకేమీ వద్దు. పెట్టె మారినప్పుడు ఏ పెట్టెలో ఉన్నామో ముందు ఆ పేరు చెప్పేట్టు చేశాను. రంగురంగుల మెయిళ్లు వస్తే వాటి అలంకారమంతా వలిచేసి మాటలు మాత్రం మిగిల్చే ఏర్పాటు కూడా పెట్టాను. ఆ వారమంతా నాకు ఇంట్లో కూర మాడినా పట్టలేదు.

ఏడుకొండలు మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. "పాస్‌వర్డు మార్చారంటగా మేడం. నేనేమన్నా దొంగనా?" అన్నాడు. వలీ గారే పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. "ఒరేయ్, నువ్వు దొంగవైతే ఎప్పుడో మార్చేవోణ్ణి. క్లాసుకి తీసుకుపోయేది నువ్వేరా, ఆ పని ఎవరికీ ఇవ్వను" అన్నారు. వాడు కళ్లు తుడుచుకుని, సారు సంచి అందుకున్నాడు.

ముద్ర

ఇక గెలిచామనుకున్నాం. మర్నాడు కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. గొంతు చెప్పింది: కోటయ్య. విషయం లేదు. తెరిస్తే: మాటలు లేవు, జతచేసిన బొమ్మ ఒకటి. అంతే. తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది, మా కాలేజీలో మెయిల్ రాసే పద్ధతి. ముందు కాగితం మీద టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. సంతకం పెడతారు. దాని మీద ముద్ర వేస్తారు. ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి ఫోనుతో ఫోటో తీస్తారు. ఆ ఫోటోని ఖాళీ మెయిల్‌కి తగిలించి పంపుతారు. ఇదంతా చూస్తూనే ఉద్యోగం చేశాను, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. వంకరగా తీసిన ఫోటో, అంచున కోటయ్య గారి బొటనవేలు. నా అమరికలో ఏ వరస మార్చినా ఆ బొమ్మ మాట కాదు. బొమ్మలో అక్షరాలు ఏరే ప్రోగ్రాము పెట్టి చూశాను. ముద్ర పడ్డచోట అది ఏదేదో కూసింది.

అంతలో జరగకూడనిది జరిగింది. పరీక్షల మీటింగు మధ్యాహ్నం నుంచి పొద్దుటికి మార్చినట్టు ఆఫీసు మెయిల్ పెట్టింది, బొమ్మగానే. వలీ గారు మధ్యాహ్నం వెళ్లారు. అప్పటికి మీటింగు అయిపోయింది. కరస్పాండెంటు గారు అందరి ముందూ ఒకటే మాటన్నారు: "నేను చెప్పింది ఇదే." ఆ వారం చివర నిర్ణయం చెబుతానన్నారు.

నేను సూపరింటెండెంటు కోటయ్య గారి దగ్గరికి పరిగెత్తాను. "కోటయ్య గారూ, ఆ విషయమేదో మెయిల్లోనే రాయొచ్చు కదా, టైపు ఎటూ చేస్తున్నారు?" అన్నాను.

"ముద్ర లేకపోతే అది కాయితమే కాదు మేడం" అన్నారాయన, తలెత్తకుండా.

నేను గట్టిగానే అరిచాను. ఆయన ఫైలు తిరగేసుకున్నారు. అరుపుతో పని జరగదని తెలిసీ అరుస్తాం, అదొక జబ్బు.

సంగతి వలీ గారికి చెప్పాను. ఆయన విని, "మెయిల్‌కి గొంతు తగిలించొచ్చా మేడం?" అన్నారు. తగిలించొచ్చన్నాను. అంతే, ఆ పూట నుంచి కోటయ్య గారు పంపిన ప్రతి బొమ్మకీ వలీ గారు తన గొంతు రికార్డు చేసి జవాబు పంపడం మొదలుపెట్టారు. విషయం లేదు, మాటలు లేవు, జతచేసిన గొంతు ఒకటి.

ఆఫీసు కంప్యూటర్లకి స్పీకర్లు లేవు. సినిమాలు చూస్తారని పీకించేశారు. కోటయ్య గారు నాకు ఫోన్ చేశారు. "మేడం, వలీ సారు ఏందో పంపాడు, ఏమీ కనపడట్లా. ఖాళీగా ఉంది. మళ్లీ పంపాడు, అదీ ఖాళీనే. పరీక్షల సంగతేమో, ఏందో, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు!"

"పోయి ఆయన్నే అడగండి" అన్నాను.

వచ్చారు. నేనూ వెనకే వెళ్లాను, నాకు ఆగుతుందా? "ఏం పంపారు సారూ? నాకు ఏమీ తెలవట్లేదు" అన్నారు కోటయ్య గారు.

"మీరు పంపినవి కూడా నాకు అట్టాగే ఉంటయ్యి కోటయ్య గారూ" అన్నారు వలీ గారు. ఎత్తిపొడుపు లేదు, మామూలుగానే అన్నారు.

కోటయ్య గారు కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు అడిగాను, ముందే అడగవలసిన మాట. "అసలు మీకు ఆ ముద్ర మీద అంత పట్టుదల ఎందుకండీ?"

ఆయన చెప్పారు. "మా నాయన అన్నదమ్ముల మధ్య పంపకం కాయితం రాయించాడమ్మా. పెద్దమనుషులు కూర్చుని రాసిందే. దాని మీద ముద్ర లేదు. గురజాల కోర్టులో ఆ కాయితం చెల్లదన్నారు. చేను పోయింది. నాయన మళ్లీ మంచం దిగలా. అప్పట్నుంచి ముద్ర లేని మాట నా చేతి మీదగా బయటికి పోనియ్యను."

ఆయన మొండివాడు కాదు, బెదిరిపోయిన మనిషి. వలీ గారే మెల్లిగా అన్నారు: "ముద్ర తీసెయ్యమని ఎవరన్నారు కోటయ్య గారూ? ఫోటో పంపండి, అది రికార్డుకి. ఆ నాలుగు ముక్కలే పైన రాయండి, అవి నాకు."

"రెండూ పంపొచ్చా?" అన్నారు కోటయ్య గారు ఆశ్చర్యంగా. రెండూ పంపొచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మర్నాటి మెయిల్లో ఫోటో ఉంది, పైన విషయమూ ఉంది. దాని కింద ఆయన 'ముద్ర వేయబడినది' అని కూడా టైపు చేశారు. వలీ గారు అది విని పకపకా నవ్వారు.

నిర్ణయం

వారం చివర కరస్పాండెంటు గారు నన్ను పిలిచారు. "ఏమ్మా, ఆయన నిజంగా చదువుకుంటన్నాడా, లేకపోతే నువ్వూ ఏడుకొండలూ కలిసి నాటకాలాడతన్నారా?"

"మీరే వచ్చి చూడండి సార్" అన్నాను.

"చూసేదేంది? నా నిర్ణయం మెయిల్లో పంపిస్తా. నేనే కొడతా, కోటయ్యతో కాదు. చదువుకోగలిగితే చదువుకుని, అందులో ఏముందో దాని ప్రకారం చేస్తాడు. చేతగాకపోతే అదే తెలిసిపోయిద్ది" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి అన్నాన్ని పరీక్షగా పెడతారా? ఆ మాట పైకి అనలేదు. పరిగెత్తుకుంటూ పరీక్షల గదికి వెళ్లి వలీ గారికి చెప్పాను. ఆయన తల ఊపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నారు. నేను పక్కన స్టూలు లాక్కున్నాను. గుమ్మంలో ఏడుకొండలు. ముగ్గురం అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నా మనసు నిండా ఒకటే అనుమానం, ఆ పెద్దమనిషి అలవాటు ప్రకారం కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతాడేమోనని.

మెయిల్ వచ్చింది. తెర మీద కొత్త వరస పడటం నేను చూశాను. కరస్పాండెంటు గారి పేరు, పక్కన 'నిర్ణయం' అని ఉంది. ముందుకు వంగాను. వలీ గారు నా కదలిక విన్నట్టున్నారు. చెయ్యి చాపి, తడుముకుని, తెర బటన్ నొక్కారు. తెర ఆరిపోయింది. ఆ తర్వాత మెయిల్ తెరిచారు.

ఆయనకి తెరతో పనేముంది? గుడ్డివాళ్లమయింది నేనూ ఏడుకొండలూ.

ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. మొదట ఏమీ తెలియలేదు. ఒకచోట నుదురు ముడిపడింది. ఒక మీట నొక్కి మళ్లీ విన్నారు. చివరికి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఏడుకొండలూ, పరీక్షల గది తాళాలు ఆఫీసులో అడిగి తెచ్చి నాకివ్వు. ఇకనుంచి నా దగ్గరే ఉండాలంట" అన్నారు.

ఏడుకొండలు కేక పెట్టి పరిగెత్తాడు. నేను వలీ గారి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం ఊరుకోవడం లేదు.

"ఇంకేం రాశారు సార్? అంతసేపు విన్నారు. మధ్యలో నుదురు చిట్లించారు, మళ్లీ విన్నారు. ఇంకేదో రాశారు. ఏం రాశారు?"

"రాశారు మేడం."

"ఏమని?"

వలీ గారు హెడ్‌ఫోన్ తీగ నెమ్మదిగా చుట్టి సొరుగులో పెట్టారు.

"అది నాకు రాసింది మేడం" అన్నారు.